ఫెరారీ తలుపుకు తాడెందుకు?

ఫెరారీ ఎఫ్40. 1987లో ఇటలీలో తయారైన ఈ కారు అప్పట్లో ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తేవాటిలో ఒకటి. అంత ఖరీదైన కారులో కూర్చుంటే పాటలు వినడానికి స్టీరియో ఉండదు, కాళ్ల కింద తివాచీ ఉండదు. లోపలి నుంచి తలుపు తీయాలంటే పిడికి బదులు చేతికి అందేది ఒక సన్నటి తాడు. ఎందుకలా?

బరువు తగ్గించడానికి!

సైకిల్ క్యారేజీ మీద బియ్యం బస్తా పెట్టుకుని తొక్కితే ఏమవుతుంది? కదలడానికే కాళ్లు పీకుతాయి. కదిలాక బ్రేకు నొక్కినా ఓ పట్టాన ఆగదు. మలుపు తిప్పబోతే బస్తా తిన్నగానే పోదామంటుంది. ఉన్న తీరును వదలని ఈ మొండితనమే జడత్వం. బరువు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

మరి ఇంజిన్ శక్తి పెంచితే సరిపోదా? తిన్నగా దూసుకుపోవడానికి సరిపోతుంది. ఆగడానికి, మలుపు తిరగడానికి మాత్రం అది అక్కరకు రాదు. బరువు తగ్గిస్తే మూడు పనులూ సులువవుతాయి.

బ్రిటన్‌లో లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ జీవితమంతా ఈ సూత్రాన్నే నమ్మారు. ఆయన పోయాక, 1996లో ఆ కంపెనీ తెచ్చిన ఎలీస్ అచ్చంగా ఆ బాటలోదే. అల్యూమినియం ముక్కలను వెల్డింగు చేయకుండా గట్టి జిగురుతో అతికించి దాని చట్రం కట్టారు. ఆ చట్రం బరువు 68 కిలోలే! కారు మొత్తం దాదాపు 725 కిలోలు. ఇంత తేలిక కాబట్టి పవర్ స్టీరింగ్ అవసరమే రాలేదు. రోడ్డు మీది చిన్న గరుకు కూడా నేరుగా అరచేతులకు తెలుస్తుంది. నడిపేవారికి అసలు సరదా అక్కడే. తివాచీలు, మెత్తలు తగ్గితే ఇంజిన్ హోరు చెవుల్లో మోగుతుంది, నిజమే. బరువు తగ్గించడానికని సీటు బెల్టులను మాత్రం ఎవరూ తీసేయరు.