పరిమళించని పువ్వు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని తెలుగువారి సామెత. చురుకైన పిల్లవానిని చూచినప్పుడు పెద్దలు ఈ మాట అనుట పరిపాటి. కాని పుట్టుకతో తనదంటూ ఏ వాసనయు లేని పిల్లవాడొకడు ఉన్నచో? లోకమును మాత్రము వాడు కన్నులతో గాక ముక్కుతోనే తెలిసికొన్నచో? ఈ ఊహనుండి పుట్టినది పాట్రిక్ జ్యూస్కిండ్ 1985లో ప్రకటించిన జర్మన్ నవల. దానిపేరు 'పరిమళము'; 'ఒక హంతకుని కథ' అని ఉపశీర్షిక. అది 1986లో ఆంగ్లములోనికి వచ్చినది, 2006లో చలనచిత్రమైనది.

ఒక బాలుడు గురువులను, ఊళ్ళను, అనుభవములను దాటి మనిషిగా పరిణతి పొందుటను చెప్పు నవలలు జర్మన్ సాహిత్యములో ఒక ప్రసిద్ధ శాఖ. గెటే 1795–96లో ప్రకటించిన 'విల్‌హెల్మ్ మైస్టర్ శిష్యదశ' దానికి ఒరవడి. జ్యూస్కిండ్ నవలకును నడక అదియే: శిష్యరికము, దేశాటనము, నైపుణ్యసిద్ధి. లేనిది పరిణతి ఒక్కటే. ఆ లేమిని చూపుటకే ఆయన పాత చట్రమును చేపట్టినాడు.

కథానాయకుడు గ్రెనూయ్ 1738 జూలై 17న పారిస్ నగరములో, చేపల అంగడి బల్లక్రింద పుట్టినాడు. ఫ్రెంచిభాషలో ఆ పేరునకు కప్ప అని అర్థము. చావనిమ్మని విడిచిన తల్లికి శిశుహత్యానేరముపై శిరశ్ఛేదమైనది. పాలిచ్చు దాది, బిడ్డకు ఉండవలసిన వాసన వీనికి లేదని తిరిగి అప్పగించినది. తరువాత పెంచిన గాయార్ అనునామె చిన్ననాడు నుదుట తగిలిన దెబ్బతో వాసన తెలియు శక్తినే గాక మమతను కూడ పోగొట్టుకొన్నది. ఆమె లెక్క తప్పక కూడు పెట్టినది. అంతకుమించి పెట్టుటకు ఆమెవద్ద ఏమియు లేదు.

ఉపాధ్యాయులు నిలిచి చదువవలసిన ఘట్టము ఈ బాలుడు మాటలు నేర్చుట. వాసనగల వస్తువుల పేర్లు వానికి ఇట్టే పట్టుబడినవి. న్యాయము, అంతరాత్మ, వినయము, కృతజ్ఞత అను మాటలకు వాసన లేదు. కనుక అవి వానికి అంటలేదు. మరియొక ప్రక్క భాషయే వానికి బీదదిగా తోచినది. ఆవు మేసిన మేతనుబట్టి, కాచిన వేడినిబట్టి పూటపూటకును మారు పాలకు ఒక్కటే పేరెట్లు చాలును? ఇట్లు తలపోయు బాలుడు మందబుద్ధి కాడు. వాని శక్తిని కొందరు గుర్తింపలేదు. గుర్తించినవారు దానిని అమ్ముకొన్నారు. తోళ్ళు పదునుపెట్టు గ్రిమాల్ ప్రాణాపాయమైన చాకిరి చేయించినాడు. సుగంధద్రవ్యముల వర్తకుడు బాల్దీని వాని యోగములు వ్రాసికొని ధనవంతుడైనాడు. బదులుగా పువ్వులనుండి సారము దింపు విద్య నేర్పి, పనివాడని యోగ్యతాపత్రము వ్రాసి ఇచ్చినాడు.

తరువాత గ్రెనూయ్ కొండగుహలో ఏడేండ్లు ఒంటరిగా గడపినాడు. తనకు వాసన లేదని వానికి అక్కడ తెలిసినది. ఇతర నవలలలో నాయకుడు తన్ను తాను కనుగొను ఘట్టమిది. ఇందులో నాయకుడు కనుగొన్నది శూన్యము. ఆ శూన్యమును నింపుకొనుటకు దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణము చేరినాడు. అక్కడ మల్లెజాతి పూలను కొవ్వుపై పరచి, తావిని కొవ్వునకు పట్టించి, పిదప మద్యసారముతో దానిని ఆ కాలమున వేరుచేసెడివారు. ఆ విద్యనే మనుష్యులపై ప్రయోగించి ఇరువదియైదుగురు కన్యలను చంపినాడు. గాలిలో తేలివచ్చిన కస్తూరికర్పూరముల తావినిబట్టి ప్రవరుడు మనిషి జాడ తెలిసికొన్నట్లు పెద్దన వర్ణించినాడు. అచ్చట తావి మనిషిని చేరుటకు దారి. గ్రెనూయ్‌కు మనిషి తావిని దోచుటకు పాత్ర.

వధ్యస్థానమున ఆ అత్తరు మహిమచే జనసమూహము వానిని దేవునివలె కొలిచినది. వారు వలచినది అత్తరునే గాని తనను కాదని వాడు గ్రహించినాడు. 1767లో పారిస్‌కు మరలి, పుట్టినచోటనే సీసాయంతయు తలపై గుమ్మరించుకొన్నాడు. ప్రేమోన్మాదముతో అచ్చటివారు వానిని చీల్చి తినివేసినారు. వానికప్పటికి ఇరువదియెనిమిదేండ్లు.

ఇది పసివారి చేతికి ఈయదగిన పుస్తకము కాదు. వయసువచ్చిన విద్యార్థులును, వారికంటె ముందుగా ఉపాధ్యాయులును చదువదగినది. చచ్చిన కన్యలను మరచి హంతకునిపై జాలిపడుటకు గాదు. నైపుణ్యమును నేర్పుట మనిషిని పెంచుట కాదని తెలియుటకు.

మన భాషలో వాసన అనగా ముక్కునకు తెలియునది మాత్రమే కాదు. మనసున నిలిచిన సంస్కారము కూడ. చదువు వాసన అందుము. సామెత పువ్వును గూర్చి చెప్పినది. నువ్వును గూర్చియు తలచవలెను. నువ్వునకు తనదైన పరిమళము లేదు. పూవులతో కలిపి ఉంచిన కొలదినాళ్ళకు ఆ తావి దానికి పట్టి, నూనెలో కూడ నిలుచును. పిల్లలలో పువ్వులును ఉందురు, నువ్వులును ఉందురు. గ్రెనూయ్‌కు పనివారు, యజమానులు, కొనుగోలుదార్లు దొరకినారు. కొన్నాళ్ళు ప్రక్కన ఉంచుకొనుటకు ఒక పువ్వు దొరకలేదు.