నిలిపిన కారే విద్యుత్ కేంద్రం!

కొంగరకలాన్ (ఇబ్రహీంపట్నం): స్థానిక సమీకృత కలెక్టరేట్ 2022 ఆగస్టు 25న ప్రారంభమైంది. పనులపై వచ్చేవారి కార్లు ఆ ఆవరణలో గంటల తరబడి నిలిచి ఉంటాయి. ఆ సమయంలో వాటితోనే కరెంటు పుట్టించి స్థానిక లైన్లకు ఇవ్వగలిగితే? ఫ్యూయల్ సెల్ వాహనాలతో ఇది సాధ్యమేనని విదేశీ ప్రయోగాలు చాటుతున్నాయి.

పనిచేసే తీరు ఇదీ..

ఈ కార్ల ట్యాంకులో హైడ్రోజన్ నింపుతారు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఫ్యూయల్ సెల్‌లో విద్యుత్తు ఉత్పత్తవుతుంది. పొగ ఉండదు, నీరు మాత్రమే వెలువడుతుంది. కిలో హైడ్రోజన్‌లో సుమారు 33 యూనిట్ల శక్తి ఉన్నా, దాదాపు సగమే కరెంటుగా చేతికందుతుంది. 5 కిలోల ట్యాంకు నుంచి 80 యూనిట్ల వరకు వస్తుందన్నమాట. రోజుకు 5 యూనిట్లు వాడే ఇంటికి ఇది పక్షం రోజులకు సరిపోతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హ్యుందాయ్ కారుకు ప్రత్యేక సాకెట్ అమర్చి 10 కిలోవాట్ల వరకు గ్రిడ్‌కు పంపారు. అటువంటి కార్లు 100 ఒకేచోట చేరితే ఒక మెగావాట్ అవుతుంది.

లైన్‌మన్ ప్రాణాలకు రక్ష

సరఫరా నిలిపి, ఎల్‌సీ తీసుకొని లైన్‌మన్ స్తంభమెక్కిన వేళ కారు నుంచి కరెంటు ఎదురొస్తే ప్రాణాపాయం తప్పదు. అందుకే లైను ఆగిన మరుక్షణమే కారు తనంతట తాను గ్రిడ్ నుంచి విడిపోయే ఏర్పాటు తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు ఆసుపత్రికో, తాగునీటి మోటారుకో వాడాలంటే ముందుగా ఆ భవనాన్ని లైను నుంచి వేరు చేయాలి.

ఖర్చే అసలు చిక్కు

నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. తిరిగి దక్కేది అందులో మూడో వంతే. కనుక నిత్యావసరానికి ఇది గిట్టుబాటు కాదు. పగటి మిగులు సౌర విద్యుత్తుతో హైడ్రోజన్ తయారుచేసి, సాయంత్రం వాడకం పెరిగినప్పుడు, అత్యవసర వేళల్లో వినియోగిస్తేనే ప్రయోజనం.

మన దేశంలో టయోటా మిరాయ్ కారుతో ప్రయోగాత్మక పరిశీలన 2022 మార్చిలో మొదలైంది. విశాఖ సమీపాన పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మన జిల్లాలోని బాలాపూర్ కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ సంస్థ చెన్నైలోని తన విభాగంలో ఫ్యూయల్ సెల్ పరిశోధనలు చేపట్టింది. హైడ్రోజన్ ధర దిగివచ్చి, నింపే బంకులు ఏర్పడితే తప్ప ఈ ఫలం పల్లెకు చేరదు.