తిరగడం నేర్చిన తీగ

1821 సెప్టెంబరు మొదటి వారం. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నేలమాళిగలో మైకేల్ ఫారడే ఒక గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో కడ్డీ అయస్కాంతాన్ని నిలువుగా నిలబెట్టాడు. పైనుంచి ఒక తీగను స్వేచ్ఛగా ఊగేలా వేలాడదీసి, దాని కింది కొసను పాదరసంలో ముంచాడు. బ్యాటరీ ఒక కొసను తీగకూ, రెండో కొసను పాదరసానికీ కలిపాడు. పాదరసం లోహం కాబట్టి కరెంటుకు దారిస్తుంది, ద్రవం కాబట్టి తీగను పట్టుకోదు. అందుకే దాన్ని ఎంచుకున్నాడు. తీగ అయస్కాంతం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బ్యాటరీ ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంది. పక్కనే ఉన్న పద్నాలుగేళ్ల బావమరిది జార్జి బార్నార్డ్, ఆ వేళ ఫారడే ఆనందంతో గంతులేసిన సంగతి తరవాత చాలా ఏళ్లకు గుర్తు చేసుకున్నాడు.

అంత సంబరం ఎందుకో తెలియాలంటే ఏడాదిన్నర వెనక్కి వెళ్లాలి. 1820 ఏప్రిల్‌లో కోపెన్‌హాగెన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఎర్‌స్టెడ్ కరెంటు పారుతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం చూశాడు. కరెంటుకూ అయస్కాంతానికీ చుట్టరికం ఉందని అప్పుడు తేలింది. కానీ పండితులను తికమక పెట్టింది ముల్లు తిరిగిన తీరు. అప్పటిదాకా తెలిసిన బలాలన్నీ తిన్నగా లాగేవో, తిన్నగా తోసేవో. భూమి రాయిని తనవైపే లాగుతుంది. అయస్కాంతం ఇనుమును తనవైపే లాగుతుంది. ఈ కొత్త బలం మాత్రం పక్కకు తోస్తోంది. తీగ చుట్టూ అయస్కాంత ప్రభావం వలయాలుగా అల్లుకుని ఉంటుంది కాబట్టి, అయస్కాంతం ఎదుట తీగ దానివైపు పోదు, దాన్నుంచి దూరంగానూ పోదు, అడ్డంగా జరుగుతుంది. ఫారడే ఆ అడ్డపు తోపును నమ్మాడు. అడుగడుగునా పక్కకే తోస్తుంటే ఆ వస్తువు చుట్టూ తిరగక ఏం చేస్తుంది?

ఫారడే కమ్మరి కొడుకు. చదువు కంటే ముందు పుస్తకాల బైండింగు పని నేర్చినవాడు. లెక్కల్లో దిట్ట కాదు, చేతి పనిలో దిట్ట. ఆ పాదరసం గిన్నెతో మొదలైన మోటారు కథ పొడుగునా ఇలాంటి చేతులే కనిపిస్తాయి. దీన్ని నేను కాకతాళీయం అనుకోను.

పాదరసం గిన్నెతో పిండి రుబ్బలేం, నీళ్లు తోడలేం. పనికొచ్చే మోటారు కావాలంటే తీగను చుట్టగా చుట్టి అయస్కాంతం రెండు కొసల మధ్య పెట్టాలి. చుట్టలో ఒక పక్క కరెంటు అటు పోతే రెండో పక్క ఇటు వస్తుంది. కాబట్టి ఒక పక్కకు పై తోపు, రెండో పక్కకు కింది తోపు, చుట్ట తిరుగుతుంది. అయితే అర చుట్టు తిరిగేలోగా పక్కలు తారుమారై, అదే తోపు వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. అలా వదిలేస్తే చుట్ట కాసేపు ఊగి ఆగిపోతుంది. తిరగలి విసిరిన వాళ్లకు ఇది తెలుసు: పిడిని సగం చుట్టు తమవైపు లాక్కోవాలి, మిగతా సగం అవతలికి నెట్టాలి. ఎప్పుడూ లాగుతూనే ఉంటే రాయి ఒళ్లోకొచ్చి ఆగిపోతుంది. చుట్టకు కూడా ప్రతి అర చుట్టుకూ కరెంటు దిశ మార్చేవాళ్లు కావాలి. ఆ పని చేసేదే కమ్యుటేటరు. ఇరుసు మీద ఒకదానికొకటి తగలకుండా అమర్చిన రాగి ముక్కలు ఇరుసుతోపాటే తిరుగుతాయి. వాటిని ఒరుసుకుంటూ రెండు బ్రష్షులు కదలకుండా ఉంటాయి. ముక్కలు చోటు మారినప్పుడల్లా కరెంటు దిశ దానంతటదే మారుతుంది. కరెంటుతో తిరిగే యంత్రం తన తిరుగుడుతోనే ఆ కరెంటును మలుపుకుంటుంది. ఆ శతాబ్దపు ఉపాయాల్లో ఇంత పొందికైనది నాకు మరొకటి కనబడదు.

ఇంగ్లండులో చెప్పులు కుట్టే పని నేర్చి, తరవాత సైన్యంలో చేరిన విలియం స్టర్జన్ 1825లో బలమైన విద్యుదయస్కాంతాన్నీ, 1832లో కమ్యుటేటరు మోటారునూ చేసి చూపాడు. కానీ నా మనసు ఎక్కువగా పోయేది అమెరికాలోని వెర్మాంట్‌లో కొలిమి నడిపిన థామస్ డావెన్‌పోర్ట్ మీదికి.

1833లో అతను ఒక ఇనుప గనిలో ఖనిజాన్ని ఏరడానికి వాడుతున్న విద్యుదయస్కాంతాన్ని చూశాడు. కొలిమికి ఇనుము కొనడానికి తెచ్చిన డబ్బుతో అయస్కాంతాన్నే కొనుక్కుని ఇంటికొచ్చాడు. దాన్ని విప్పుతూ తీగ ఏ పొర మీద ఎలా చుట్టి ఉందో చెబుతుంటే భార్య ఎమిలీ రాసుకుంది. డావెన్‌పోర్ట్ తన సొంత అయస్కాంతాలు చేసుకునేటప్పుడు తీగ వరసలు ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. ఎనామిల్ తీగలు లేని కాలం. ఎమిలీ తన పెళ్లినాటి పట్టు గౌనును పీలికలుగా చించి ఇచ్చిందంటారు. ఒక చక్రం మీద రెండు విద్యుదయస్కాంతాలు, బయట కదలకుండా రెండు, మధ్యలో కరెంటును మలిపే ఏర్పాటు: 1834లో అతని మోటారు తిరిగింది. 1837 ఫిబ్రవరి 25న అమెరికా పేటెంటు నంబరు 132 అతనికి దక్కింది. ఆ మోటారుతో చిన్న బండిని గుండ్రటి పట్టాల మీద నడిపాడు, అచ్చుయంత్రం తిప్పి పత్రిక వేశాడు. అయినా అప్పులే మిగిలాయి. 1851లో, యాభై నిండకుండానే పోయాడు.

లోపం మోటారులో లేదు, బ్యాటరీలో ఉంది. బ్యాటరీ నడవాలంటే జింకు కరిగిపోవాలి. ఆవిరి యంత్రంలో ఒక కిలో బొగ్గు చేసే పనిలో నాలుగో వంతు కూడా కిలో జింకు చేయదని జేమ్స్ జూల్ 1840ల ఆరంభంలోనే లెక్క కట్టాడు. పైగా జింకు బొగ్గు కంటే ఎంతో ఖరీదు. చవక కరెంటు వచ్చేదాకా మోటారు ఆగక తప్పలేదు. డైనమోలు తయారయ్యాక, 1873 వియన్నా ప్రదర్శనలో గ్రామ్ అనే ఆయన చేసిన ఒక డైనమో నుంచి వచ్చే కరెంటును రెండోదానికి కలపగానే అది మోటారులా తిరిగింది. తిప్పితే కరెంటు ఇచ్చేది, కరెంటిస్తే తిరిగేది ఒకే యంత్రమని లోకం కళ్లారా చూసింది.

ఈ జంట స్వభావం మన వంటింట్లో మిక్సీని కాపాడుతోంది. కాల్చేదీ అదే. మోటారు తిరుగుతున్నప్పుడు అది డైనమో కూడా. వచ్చే కరెంటుకు ఎదురుగా తనూ ఒక వోల్టేజీ పుట్టిస్తుంది, దానివల్ల లోపలికి కరెంటు కొద్దిగానే వస్తుంది. గారెల పిండి మరీ గట్టిగా ఉండి బ్లేడు బిగుసుకుపోయిందనుకోండి, తిరుగుడు లేదు, ఎదురు వోల్టేజీ లేదు. అడ్డుకునేది పెద్దగా లేక కరెంటు వరదలా వస్తుంది, వాసన వస్తుంది. అడుగున ఉండే ఎర్ర బటన్ బయటికి తన్నుకొచ్చేది అప్పుడే. మిక్సీలో ఇప్పటికీ కమ్యుటేటరూ, అరిగిపోతే మార్చుకునే కార్బన్ బ్రష్షులూ ఉంటాయి.

పొలం మోటారుకు ఆ బ్రష్షులు లేవు. 1880లలో ఇటలీలో గలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా వేర్వేరుగా కొత్త దారి పట్టారు: చుట్టలను కదలనివ్వకుండా అయస్కాంత క్షేత్రాన్నే తిప్పారు. 1889లో మిఖాయిల్ దొలీవో-దొబ్రోవోల్‌స్కీ దానికి మూడు ఫేజుల రూపం ఇచ్చాడు. మూడు తీగల్లో కరెంటు ఒకదాని తరవాత ఒకటి పెరుగుతుంటే లోపలి క్షేత్రం గిర్రున తిరుగుతుంది. అది లోపల తిరిగే రోటరులోని కడ్డీల్లో కరెంటు పుట్టించి, వాటిని తన వెంట లాక్కుపోతుంది. రోటరు క్షేత్రాన్ని ఎప్పటికీ అందుకోలేదు, అందుకుంటే కడ్డీల్లో కరెంటే పుట్టదు. క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగే మోటారు రేకు మీద 1440 అని కనిపించేది అందుకే. 1891లో జర్మనీలో లౌఫెన్ దగ్గర నెకార్ నది పుట్టించిన కరెంటు 175 కిలోమీటర్లు ప్రయాణించి, ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఇలాంటి మోటారుతో నీళ్లు ఎత్తిపోసి జలపాతం దూకించింది.

మూడింట్లో ఒక ఫేజు పోతే క్షేత్రం తిరగదు, అక్కడికక్కడే పెరిగి తగ్గుతుంది. ఆగి ఉన్న మోటారు గుయ్యిమంటుంది గానీ కదలదు, తీగలు వేడెక్కి కాయిల్ కాలుతుంది. వైండింగు షాపులో మేస్త్రి మాడిన తీగ ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి కొలిచి, అచ్చు అలాగే కొత్తది చుడతాడు. ఎమిలీ ఆనాడు కాగితం మీద రాసుకున్నది కూడా ఈ లెక్కే. ఇంటి ఫ్యానుకు వచ్చేది ఒకటే ఫేజు. దాని క్షేత్రాన్ని తిప్పడానికి కండెన్సరు ఆసరా ఇస్తుంది. కండెన్సరు పోయిన ఫ్యాను రెక్కను కర్రతో నెడితే అటే తిరగడం చాలామంది చూసే ఉంటారు.

ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ (బ్రష్షుల్లేని) ఫ్యాన్లలో అయస్కాంతాలే తిరుగుతాయి, చుట్టలు నిలిచి ఉంటాయి. ఏ క్షణాన కరెంటును మలపాలో ఒక చిప్పు కనిపెట్టి మలుపుతుంది. ఒరుసుకునే బ్రష్షులు లేవు, అవి అరిగే బాధా లేదు. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 16 యూనిట్ల తేడా వస్తుంది.