ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (నవంబరు 8, 1893 - నవంబరు 25, 1964) సుప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు, సంగీతాచార్యుడు. బెంగుళూరులో జన్మించి విశాఖపట్నంలో పెరిగాడు. అన్న వెంకటకృష్ణయ్య ఈయన తొలి గురువు.

విజయనగరం మహారాజు 1919లో సంగీత కళాశాలను నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసును తొలి అధ్యక్షునిగా నియమించాడు. ఆస్థానోద్యోగి ఒకరి అంధుడైన కుమారునికి సంగీతం నేర్పించడం కోసమే దీనిని స్థాపించారని ప్రతీతి. విద్యార్థిగా చేరవచ్చిన నాయుడి వాద్యం విని, ఆయననే వాయులీన ఆచార్యునిగా తీసుకున్నారని చెబుతారు. నారాయణదాసు తరువాత, 1936లో, ఈయనే అధ్యక్షుడయ్యాడు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఈయన హయాంలోనే ఇక్కడ చదువుకున్నాడు.

ఆ రోజులలో కచేరీలో ఫిడేలు పక్కవాద్యమే. గాయకుని ఆలాపనను అనుసరించడం, అతడు ఆగినచోట అందుకోవడం దాని పని. చూపు మందగించిన నాయుడు, పొడవైన కమాను పట్టుతో ఆ వాద్యం చేత గాత్రంవలె పలికించాడు. 1938లో వేలూరులో తొలిసారి ఒంటరిగా వాయులీన కచేరీ చేశాడు. అప్పటికి ఈయన పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్ళు! కచేరీలకు కేంద్రమైన మద్రాసుకు దూరంగా, విజయనగరంలో పిల్లలకు సరళీ స్వరాలు దిద్దించే కళాశాలలో ఉంటూనే ఇంతటి ఖ్యాతి గడించడం విశేషం. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1941లో సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1957లో పద్మశ్రీ లభించింది.

మారెళ్ళ కేశవరావు ఈయన ముఖ్య శిష్యులలో ఒకడు. కుమార్తె ద్వారం మంగతాయారు కూడా తండ్రి వద్ద నేర్చి వాయులీన విద్వాంసురాలయింది.