బ్యాటరీ మార్చే ముందు మూడు కొలతలు

మీరు రాయ్‌పూర్‌లో ఒక మోటారు సైకిల్ షెడ్డులో పని నేర్చుకుంటున్నారనుకోండి. సెల్ఫ్ పనిచేయని బండి ఒకటి వచ్చింది. దానికి రెండు నెలల క్రితమే కొత్త బ్యాటరీ వేశారు. మళ్ళీ మార్చమని చెబుతారా? తొందరపడకండి. బ్యాటరీ కుండ వంటిది. నీళ్ళు పోసేవారు లేకపోతే కొత్త కుండ అయినా ఖాళీ అవుతుంది.

ఇంజను తిరిగేటప్పుడు స్టేటర్ కాయిల్‌లో ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ పుడుతుంది. దానిని బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చేది రెక్టిఫైయర్. ఇంజను వేగంతో పెరిగే ఓల్టేజిని అదుపులో ఉంచేది రెగ్యులేటర్. చాలా బండ్లలో ఈ రెండూ ఒకే అల్యూమినియం పెట్టెలో ఉంటాయి. ఇప్పుడు మల్టీమీటర్ తీసుకోండి.

మొదటి కొలత: ఇంజను ఆపి, బ్యాటరీ టెర్మినళ్ళ మధ్య డీసీ ఓల్టేజి చూడండి. పూర్తిగా ఛార్జి అయిన 12 ఓల్టుల బ్యాటరీ సుమారు 12.6 చూపుతుంది. బాగా తక్కువుంటే ముందు విడిగా ఛార్జి చేయించండి.

రెండవ కొలత: ఇంజను నడిపి, వేగం పెంచి, అక్కడే చూడండి. సుమారు 13.5 నుంచి 14.5 వస్తే ఛార్జింగు సరిగానే ఉంది. అప్పుడే బ్యాటరీని అనుమానించండి. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది. బ్యాటరీ నీరు ఎండిపోతుంది, బల్బులు మాడిపోతాయి. ఓల్టేజి అసలు పెరగకపోతే ఫ్యూజు, కనెక్టర్లు, ఎర్త్ తీగ పరీక్షించండి. అవి బాగుంటే ముందుకు సాగండి.

మూడవ కొలత: ఇంజను ఆపి, స్టేటర్ నుంచి రెగ్యులేటర్‌కు వచ్చే ప్లగ్గు విప్పండి. మూడు తీగల స్టేటర్ అయితే, ఏ తీగకూ ఇంజను లోహంతో సంబంధం ఉండకూడదు. తరువాత ఇంజను నడిపి, తీగల మధ్య ఏసీ కొలవండి. మూడు జతలలోను ఇంచుమించు సమానంగా రావాలి, వేగంతో పెరగాలి. లేకపోతే లోపం స్టేటర్‌లో ఉంది. అన్నీ సరిగా ఉంటే లోపం రెగ్యులేటర్‌దే. ఈ తీగలను చేతితో తాకకండి, షాకు కొడుతుంది.

రెగ్యులేటర్‌కు వేడి శత్రువు. రాయ్‌పూర్ మే నెల ఎండలు మీకు తెలిసినవే. దాని రెక్కల మీద బురద పేరుకుంటే వేడి బయటికి పోదు. వానాకాలం పోగానే శుభ్రం చేయండి.

జాగ్రత్త: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పకండి. ఓల్టేజి ఒక్కసారిగా పెరిగి ఇతర పరికరాలు చెడిపోవచ్చు. ఛార్జి అయ్యే బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకండి. దాని నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువు అంటుకుంటుంది.

మీరే చెప్పండి: మన షెడ్డుకు వచ్చిన బండిలో ఇంజను ఆపితే 12.4, నడిపితే 12.2 ఓల్టులు వచ్చాయి. ఫ్యూజు, తీగలు బాగున్నాయి. మూడవ కొలతలో అన్నీ సరిగా ఉన్నాయి. యజమానిని ఏమి కొనమంటారు? ఎందుకు?