ఎర్ర గీత మీద లేని బోస్టన్

2025 వేసవిలో మా అమ్మాయికి కాలేజీలు చూపించడానికి బోస్టన్ వెళ్ళాం. నేను 2002లో ఎమ్మెస్ చదవడానికి రెండు సూట్‌కేసులతో, ఒక ఆవకాయ సీసాతో దిగిన ఊరది. "నాన్నా, నువ్విక్కడ ఏం చేసేవాడివి?" అని అడిగింది. "చదువుకునేవాణ్ణి" అన్నాను. అది సగం నిజమే.

బోస్టన్ వెళ్ళినవాళ్ళంతా చేసే పని ఫ్రీడమ్ ట్రెయిల్ నడవడం. ఆ ఊరి పాత వీధులు మన పాతూళ్ళ సందుల్లా ఎటుపడితే అటు తిరుగుతాయి. కొత్తవాళ్ళు తప్పిపోకుండా, 1951లో ఒక పత్రికా రచయిత ఇచ్చిన సలహా మీద ఈ బాట వచ్చింది. బోస్టన్ కామన్ పార్కు నుంచి బంకర్ హిల్ స్తంభం దాకా రెండున్నర మైళ్ళు, నేల మీద ఎర్ర గీత. దాన్ని పట్టుకుని నడిస్తే పదహారు చారిత్రక స్థలాలు వస్తాయి. వాటిలో ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్ ఒకటి. 1773 డిసెంబరు 16న జనం అక్కడ సభ పెట్టుకుని, ఆ రాత్రే ఓడల మీది టీ పెట్టెలను సముద్రంలో పారేశారు. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ 1611లో మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. బందరువాడైన నా రూమ్మేటు ఇది విని, "మావాళ్ళు కూడా అప్పుడే పెట్టెలు విసిరేసి ఉంటే మనకీ జీఆర్ఈ గొడవ ఉండేది కాదు" అన్నాడు.

రెండేళ్ళలో ఆ గీత నాలుగుసార్లు నడిచాను. అయినా యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ ఊళ్ళోనే చదువుకున్నారని నాకు తెలియదు. ఆ తర్వాత ఎప్పుడో చదివాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకు వెళ్ళినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకి కోపం వచ్చింది. పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టాతో సరిపెట్టారు. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు పోయారు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న డబ్బు మీద ఆశతో, 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. నేను నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివింది ఆ కాకినాడలోనే. ఆ ధర్మసంస్థ బోర్డు ముందునుంచి సైకిలు మీద ఎన్నిసార్లు వెళ్ళానో!

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లమాలో సీటైతే ఉంది కాని, చేతిలో డబ్బు లేదు. ఎల్.ఎం.ఎస్. పట్టాకి డాక్టరు ఉద్యోగమూ రాదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు శుభ్రం చేసే పనికి కుదిరారు.

తర్వాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. ఇద్దరూ కలిసి 1925లో రక్తంలోనో, మూత్రంలోనో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. సూత్రం తేలికే. ఫాస్ఫేటుకి మాలిబ్డేట్ కలిపి, మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ పద్ధతినే కండరాల రసం మీద ప్రయోగిస్తే, రంగు రావలసినంత త్వరగా రాలేదు, మెల్లమెల్లగా పెరిగింది. నాలాంటివాడైతే ప్రోగ్రాంలో తప్పుందని మళ్ళీ మొదలుపెట్టేవాడు. వాళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఏదో పదార్థం ఆమ్లంలో విరిగి ఫాస్ఫేటుని కొంచెం కొంచెంగా వదులుతోందన్నమాట! అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. 1929లో ఏటీపీ, అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుక్కున్నారు. మన పిల్లలు హైస్కూలు బయాలజీలో బట్టీపట్టే ఏటీపీ ఇదే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను తీసుకెళ్ళిన స్ప్రూకి అది మందయింది. 1948 ఆగస్టులో పోయారు. ఇంటికి తిరిగి వెళ్ళనేలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉంటే ఏమయ్యేదో అని మా ఆవిడ అంటూ ఉంటుంది.

ఈసారి ఎర్ర గీత సగంలో వదిలేసి, పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో గ్రీన్‌లైన్ ఈ బండి ఎక్కాం. 1897లో తెరిచిన స్టేషన్ అది. ఆయన కూడా ఎక్కే ఉంటారని నా ఊహ. లాంగ్‌వుడ్‌లో దిగి కాస్త నడిస్తే హార్వర్డ్ వైద్య కళాశాల పాలరాతి భవనాలు వస్తాయి. బ్రిగమ్ పక్కనే. ఇప్పుడది బ్రిగమ్ అండ్ విమెన్స్ అనే పెద్ద ఆసుపత్రి.

దాని ఎదురుగా నిలబడి అమ్మాయికి బెడ్‌పాన్ల సంగతి చెప్పాను. తర్వాత నా సంగతీ చెప్పాను. మొదటి ఏడాదంతా క్యాంపస్ భోజనశాలలో గంటకి ఏడు డాలర్లకి గిన్నెలు కడిగాను. ఇంట్లో మాత్రం లైబ్రరీలో పని అని చెప్పాను.

"తాతయ్యకి ఇప్పటికీ తెలీదా?" అంది.

ఆ ఆదివారం కాకినాడకి ఫోన్ చేసి చెప్పాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి భోజనం అక్కడే పెట్టేవాళ్ళా?" అన్నారు.

"పెట్టేవాళ్ళు నాన్నా" అన్నాను.