ఒకే చూరు కింద వేరు కాపురాలు: ఆల్‌ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్

ఇంగ్లండ్ గ్రామసీమల్లో ఒకే గడ్డికప్పు కింద రెండు మూడు వాకిళ్లున్న పొడవాటి ఇళ్లు కనిపిస్తాయి. చూడగానే అవి కూలీల కోసం కట్టినవనిపిస్తుంది. కాని వాటిలో అనేకం మొదట ఒకే కుటుంబం కోసం కట్టినవి. తరవాతి కాలంలో వాటాలుగా విడిపోయాయి. ఇలాంటి ఇంటిలో మూల నిర్మాణాన్నీ తరవాతి మార్పులనూ వేరుచేసి గుర్తించడమెలాగో ఈ భాగంలో తెలుసుకొందాం.

1. మూల నిర్మాణం

ససెక్స్ ప్రాంతంలోని ఆల్‌ఫ్రిస్టన్ గ్రామంలో, చర్చికి సమీపంలో ఉన్న క్లర్జీ హౌస్ సుమారు 600 ఏళ్ల నాటిది. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే 'వీల్డెన్' పద్ధతికి ఇది చక్కని ఉదాహరణ. ఈ పద్ధతి ఇంటికి ఓక్ కలపతో చేసిన చట్రమే ఆధారం. కప్పు బరువును స్తంభాలు, దూలాలు మోస్తాయి. స్తంభాల మధ్య ఖాళీలను తడిక కట్టి, మట్టి మెత్తి పూడుస్తారు.

ఇల్లు మూడు భాగాలు. మధ్యలో నేల నుంచి కప్పు వరకు అడ్డులేని పెద్ద హాలు. ఇరువైపులా రెండంతస్తుల గదులు. హాలు నడుమ నేలమీదనే నెగడు ఉండేది. పొగగొట్టం లేదు కనుక పొగ కప్పులోకి ఎగసి, సందుల గుండా బయటికి పోయేది. ఆల్‌ఫ్రిస్టన్‌లో హాలు నేలను సుద్దతో దిమ్మిసచేసి, పులిసిన పాలతో గట్టిపరచారు. గడ్డిలో నీరు ఇంకకుండా జారిపోవడానికి కప్పును ఏటవాలుగా వేసి, గోడలు తడవకుండా చూరును ముందుకు దించారు.

2. వాటాలు ఎలా ఏర్పడ్డాయి?

కాలక్రమంలో స్తోమత గల రైతులు కొత్త ఇళ్లకు మారగా, పాత ఇళ్లు అనేకం కూలీలకు అద్దెకు పోయాయి. 19వ శతాబ్దంలో క్లర్జీ హౌస్ కూడా రెండు వాటాలైంది. ఇటువంటి ఇళ్లను విభజించడం తేలిక. నిర్మాణమంతా అంకణాల లెక్కలో ఉంటుంది. బరువు మోయని గోడలో కొత్త వాకిలి తెరిచినా, అంకణాల మధ్య అడ్డుగోడ పెట్టినా చట్రానికి ప్రమాదం లేదు. అయితే కాపురాలు వేరైనా కప్పు ఒక్కటే. ఒక వాటాలో నిప్పు అంటుకొంటే అందరికీ ముప్పే.

3. గుర్తించవలసిన ఆనవాళ్లు

(అ) మసి: రెండు వాటాల్లోని వాసాలకూ ఒకే రకమైన పాత మసి పట్టి ఉంటే, ఆ రెండూ ఒకప్పుడు ఒకే హాలని గ్రహించాలి.

(ఆ) బెజ్జాలు: స్తంభాల్లో ఖాళీగా మిగిలిన బెజ్జాలు, తీసివేసిన కొయ్యలు ఎక్కడ ఉండేవో చెబుతాయి.

(ఇ) పొగగొట్టం: ఇటుక పొగగొట్టాలు, హాలు మధ్యన వేసిన పై అంతస్తులు ఎక్కువగా 16, 17 శతాబ్దాల మార్పులు. వీటిని తరవాత జరిగిన విభజనతో కలిపివేయరాదు.

(ఈ) వాకిళ్లు, మెట్లు: ప్రతి వాటాకు విడిగా వాకిలి, ఇరుకైన మెట్లు ఉంటే అవి సాధారణంగా విభజన నాటివి.

4. పరిరక్షణ

19వ శతాబ్దం చివరికి క్లర్జీ హౌస్ శిథిలమైంది. కూల్చివేతకు అనుమతి కూడా లభించింది. స్థానిక మతాధికారి పట్టుదలతో చేసిన ప్రయత్నం ఫలించి, 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ 1896లో దీనిని 10 పౌండ్లకు కొన్నది. ఆ సంస్థ సేకరించిన తొలి కట్టడం ఇదే. మరమ్మతులకు అయిన ఖర్చు ఆ ధరకు ఎన్నో రెట్లు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వాటాల ఇళ్లలో ఉన్నవారు పేదలు. ఇంటిని పడగొట్టి కొత్తగా కట్టుకొనే శక్తి వారికి లేదు. పాత చట్రాలు అనేకం మిగలడానికి అదీ ఒక కారణం. కనుక మూలరూపం పేరుతో విభజన ఆనవాళ్లన్నిటినీ తుడిచివేస్తే హాలు తిరిగి దక్కవచ్చు. దానిని నిలబెట్టిన కూలీల కాపురాల చరిత్ర మాత్రం పోతుంది. ఏది తీయాలి, ఏది ఉంచాలి అని నిర్ణయించే ముందు ప్రతి మార్పునూ కొలిచి, చిత్రించి, నమోదు చేయడం తప్పనిసరి.

అభ్యాసం: మీ ప్రాంతంలో అన్నదమ్ములు పంచుకొన్న పాత మండువా ఇల్లు ఉంటే, యజమానుల అనుమతితో పరిశీలించి, మూల నిర్మాణాన్నీ పంపకం తరవాతి మార్పులనూ వేరువేరు రంగులతో పటంలో చూపండి.